అలక రాయి

మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై. మూడింటికి రూనె అల్మ్‌ని భార్యని చంపిన నేరం మీద పోలీసు లాంచీలో ఒడ్డుకి తీసుకుపోతారు. ఆరింటికి గాలివాన విరుచుకుపడుతుందని రేడియో పొద్దుటి నుంచీ చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. ఆ భార్య వీవెకా నిజంగా చచ్చిపోయిందా, లేక ఈ వందల దీవుల మధ్య ఎక్కడో ప్రాణాలతో ఉందా అన్నది ఈలోగానే తేలాలి. గాలివాన మొదలైతే ఏ పడవా కదలదు.

తేల్చాల్సిన మనిషి ఇన్‌స్పెక్టర్ ఇంగేలా వ్రెట్మార్క్. ఐదేళ్లుగా ఆమె జూలైలో సెలవు పెట్టలేదు. స్వీడన్ అంతా పడవలెక్కి దీవుల మీద పడుతుంటే తను ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని పాత ఫైళ్లు తిరగేసింది. భర్త సిక్స్టెన్ గుండెపోటుతో పోయాక పడవ అమ్మేసి, మళ్లీ ఈ నీళ్ల మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది. అంత ఒట్టూ ఇవాళ పొద్దున ఒక్క ఫోను కాల్‌తో గాలికి పోయింది.

వీత్‌షేర్ దీవి రేవులో కట్టేసి ఉన్న 'తెర్నా' అనే తెరచాప పడవ లోపల, బల్లకి అటు రూనె, ఇటు ఇంగేలా. రూనెకి అరవై రెండేళ్లు. గడియారాలు బాగుచేసి రిటైరైనవాడు కాబట్టి టైములన్నీ నిమిషాలతో సహా చెబుతున్నాడు. ఇంగేలాకి నచ్చనిది అదే.

"మళ్లీ చెప్పండి," అంది.

"ఎన్నిసార్లు చెప్పాలి, ఇన్‌స్పెక్టర్ గారూ?"

"నాకు నమ్మకం కుదిరేదాకా."

రూనె గోడకేసి చూస్తూ అప్పజెప్పాడు. "నాలుగూ యాభైకి ఇక్కడ లంగరు వేశాం. ఏడున్నరకి భోంచేశాం. ఊరబెట్టిన హెర్రింగ్ చేప, ఉడకబెట్టిన బంగాళాదుంపలు. తొమ్మిదిన్నరకి వీవీ స్నానానికని నీళ్లలోకి దిగింది. నేను పైనే ఉన్నా, నాకు చన్నీళ్లు పడవు. పదింటికి చూస్తే లేదు. గంటసేపు వెతికాను. పదకొండూ ఐదుకి రేడియోలో కబురు చెప్పాను."

"చేతులు చూపించండి."

చూపించాడు. రెండు అరచేతుల నిండా బొబ్బలు. కొన్ని చిట్లి పచ్చిగా ఉన్నాయి.

"తాళ్లు లాగితే వచ్చాయి."

"ఎన్నేళ్లుగా తిరుగుతున్నారు ఈ పడవలో?"

"ఇరవై ఏడు వేసవులు."

"ఇరవై ఏడేళ్లు తాళ్లు లాగి కాయలు కాసిన చేతులకి నిన్న ఒక్కరోజే బొబ్బలొచ్చాయా?"

రూనె చేతులు బల్ల కిందకి లాక్కున్నాడు.

ఇంగేలా లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి గిన్నె మూత తీసింది. ఉడికిన బంగాళాదుంపలు, ఎనిమిది. తోలు ముడుచుకుపోయి చల్లగా ఉన్నాయి, ఒక్కటి కూడా తగ్గలేదు. హెర్రింగ్ సీసాకి సీలు కూడా తియ్యలేదు. పక్కన రెండు పళ్లేలు, రెండు ఫోర్కులు, రెండు గ్లాసులు తుడిచి సిద్ధంగా ఉన్నాయి. ఏడున్నరకి ఇక్కడ ఎవరూ భోంచెయ్యలేదు. ఎవరో ఇంకొకరి కోసం కాచుకుని కూర్చున్నారు. ఇంగేలా ఆ రెండు పళ్లేలకేసి చూసింది. ఆమె ఇంట్లో ఐదేళ్లుగా బల్ల మీదకి ఒక్క పళ్లెమే వస్తోంది.

పైకొచ్చి, కోస్ట్‌గార్డు వాళ్లు రాత్రి తీసిన ఫొటోలు ఫోనులో తిరగేసింది. మొదటి ఫొటో కింద టైము పదకొండూ ముప్ఫై ఐదు. ఇంకా పూర్తిగా చీకటి పడని ఆకాశం, పడవ వెనక భాగం, దాని మీద జెండా. ఇంగేలా ఫొటోని పెద్దది చేసి చూసింది. జెండా ఎగురుతూనే ఉంది.

రాత్రి తొమ్మిది కొట్టేసరికి రేవులోని ప్రతి పడవ మీదా జెండా దిగుతుంది. దించనివాణ్ని పక్క పడవవాళ్లు పల్లెత్తు మాటనరు. మర్నాడు కాఫీకి మాత్రం పిలవరు.

పక్క పడవలో గుడ్రున్ అనే పెద్దావిడ ఊలు అల్లుకుంటూ కూర్చుని ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. ఇంగేలా ఇంకా నోరు తెరవకముందే ఆవిడే అందుకుంది.

"జెండా సంగతేగా, తల్లీ?"

"మీరూ చూశారా?"

"చూడకేం! మేం ఏడున్నర నుంచీ దీవికి అవతలి ఒడ్డున చేపలు కాల్చుకుంటున్నాం. తొమ్మిదిన్నరకి తిరిగొచ్చేసరికి వీళ్ల జెండా ఇంకా రెపరెపలాడుతోంది. మా ఆయన వెళ్లి చెప్పొస్తానన్నాడు. మొగుడూ పెళ్లాం ఏదో మాటా మాటా అనుకుని ఉంటారు, మనకెందుకని నేనే ఆపాను."

"ఇది మా పై అధికారి ఆర్విద్‌కి చెప్పారా?"

"ఎవరూ, ఆ పొడుగాయనకా? 'కేకలు వినిపించాయా?' అన్నాడు. లేదన్నాను. పుస్తకం మూసుకుని పోయాడు. అడగనిదానికి మనమెందుకు ఎగబడి చెప్పాలమ్మా?"

"ఆ పడవ మీద జెండా దించే పని ఎవరిది?"

"వీవెకాది. పన్నెండేళ్లుగా ప్రతి జూలైలోనూ చూస్తున్నా. తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే వచ్చి నించుంటుంది. ఆయన చెయ్యి దాని మీద పడగా నేనెన్నడూ చూళ్లేదు."

"నిన్న సాయంత్రం వీవెకాని మీ కళ్లతో చూశారా?"

ఊలు సూదులు ఆగిపోయాయి.

"చూశాననే అనుకున్నా," అంది నెమ్మదిగా. "పడవొచ్చింది కదా, ఆవిడా వచ్చే ఉంటుందనుకున్నా. వాళ్లిద్దర్నీ విడివిడిగా ఎప్పుడూ చూళ్లేదమ్మా నేను."

ఇంగేలా ఒడ్డుకి దిగేసరికి ఆర్విద్ ఎదురొచ్చాడు. ఆమె కంటే పదేళ్లు చిన్నవాడు. ఆమెకి రావాల్సిన కుర్చీలో రెండేళ్లుగా కూర్చుంటున్నాడు, కూర్చున్న సంగతి ఆమె మరిచిపోకుండా చూసుకుంటున్నాడు కూడా. అతని వెనక రేవులో గజ ఈతగాళ్లు పొద్దుటి నుంచీ మునుగుతూ తేలుతూ ఉన్నారు.

"అయ్యాయా నీ కబుర్లు? లాంచీ సిద్ధంగా ఉంది," అన్నాడు.

"నీ ఈతగాళ్లని బయటికి రమ్మను ఆర్విద్. ఆవిడ ఈ నీళ్లలో లేదు. అసలు నిన్న ఈ రేవుకే రాలేదు."

"ఎవరు చెప్పారు?"

"జెండా."

ఆర్విద్ పకపకా నవ్వాడు. "కోర్టులో బోనెక్కిస్తావా దాన్ని?"

"నువ్వెప్పుడైనా పడవలో ఒక రాత్రి పడుకున్నావా?"

"నాకు కడుపులో తిప్పుతుంది."

"అందుకే నీకు అర్థం కాదు. తొమ్మిదింటికి ఆవిడ పడవ మీద ఉంటే జెండా దిగేది. తొమ్మిదిన్నరకి స్నానానికి దిగిందన్నది పచ్చి అబద్ధం."

"నేనూ అదేగా మొత్తుకుంటున్నా!" అన్నాడు ఆర్విద్. "తొమ్మిదింటికి ముందే చంపేశాడు. చిన్న పడవలో వేసుకుని, తెడ్లేసుకుంటూ పోయి, నడిసముద్రంలో పడేసొచ్చాడు. బొబ్బలు ఊరికే వస్తాయా? నీ జెండా నా కేసుకే పనికొస్తుంది. థాంక్స్."

అతను చెప్పిన దానిలో తప్పు పట్టడానికేమీ లేదు, అదే ఇంగేలా ఒళ్లు మండించింది.

"చంపినవాడు రెండు పళ్లేలు తీసి పెట్టుకుని కూర్చుంటాడా?"

"అలవాటు." ఆర్విద్ గొంతు తగ్గించాడు. "మొగుడు పోయినవాళ్లకి లోకంలో ప్రతివాడూ మంచి మొగుడిలాగే కనిపిస్తాడు ఇంగేలా. నీ తప్పు కాదులే."

చెంప పగలగొట్టాలనిపించింది. వాచీ చూసుకుంది. రెండూ ఐదు.

"నాకు మూడింటిదాకా టైముంది," అని మళ్లీ పడవెక్కింది.

ఈసారి ఆమె ప్రశ్నలేమీ వెయ్యలేదు. రూనె ఎదురుగా కూర్చుంది.

"మా పడవలో లంగరు పని సిక్స్టెన్‌ది," అంది. "పంతొమ్మిది వేసవులు తిరిగాం. దాన్ని నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. చెయ్యలేక కాదు, అది ఆయన పని, అంతే. ఆయన పోయాక పడవ అమ్ముదామని ఒక్కదాన్నే తీసుకొచ్చాను. కొనేవాడు రేవులో ఎదురుచూస్తున్నాడు. లంగరు వెయ్యాలి. చెయ్యి రాలేదు. గంటసేపు రేవు చుట్టూ తిరుగుతూ ఏడ్చాను. అది నేను వేసేస్తే ఆయన నిజంగా పోయినట్టేనని భయం."

రూనె తలెత్తి ఆమెని మొదటిసారి సరిగ్గా చూశాడు.

"మీ జెండా ఎవరు దించుతారు, రూనె గారూ?"

అతని మొహం పిల్లాడి మొహంలా ముడుచుకుపోయింది. బొబ్బల చేతులతోనే కప్పేసుకున్నాడు.

"వీవీ," అన్నాడు. "వచ్చాక తనే దించుతుందిలే అనుకున్నా."

"ఎక్కడి నుంచి వచ్చాక?"

దాంతో కట్ట తెగింది. ఇక్కడికి రెండు మైళ్ల దూరంలో, బయటి సముద్రం అంచున ఒక బోడి రాయి ఉంది. మ్యాపులో దానికి పేరు లేదు, చుక్క మాత్రమే ఉంది. "మేం దాన్ని అలక రాయి అంటాం," అన్నాడు రూనె. పెళ్లయిన మొదటి ఏడు పడవలో పోట్లాడుకుంటే, వీవెకా తనని ఆ రాయి మీద దింపేసి పొమ్మందట. అతను దింపేసి, పడవతో చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతోందట. అప్పటి నుంచీ అదొక ముచ్చటైపోయింది. ఏటా ఏదో ఒక పోట్లాట, అరగంట రాయి, తర్వాత నవ్వు.

"నిన్న దేనికి పోట్లాట?"

"వచ్చే ఏడు పడవ వద్దంది. 'ఒక్క వేసవైనా ఇంట్లో కూర్చుని నీళ్లకేసి కాదు, నాకేసి చూడు' అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నాలుగింటికి రాయి మీద దింపాను. ఈసారి చుట్టు తిరగలేదు. నేరుగా ఇక్కడికొచ్చేశాను. ఓ గంట కూర్చోనీ, తిక్క కుదురుతుంది అనుకున్నా. వంట చేశా. పళ్లేలు పెట్టా. ఎనిమిదింటికి గుండె దడదడలాడింది. పడవ తీస్తే రేవంతా చూస్తుంది, ఏమైందని అడుగుతుంది. అందుకని చిన్న పడవలో తెడ్లేసుకుంటూ పోయాను. గంటసేపు పిలిచాను, ఇన్‌స్పెక్టర్ గారూ. ఎంత పిలిచినా పలకలేదు. ఈదుకుంటూ రాబోయి మునిగిపోయి ఉంటుంది. నేనే చంపేశాను."

"మరి స్నానానికి దిగిందని ఎందుకు చెప్పారు?"

"పెళ్లాన్ని రాయి మీద పారేసొచ్చి బంగాళాదుంపలు ఉడకేసుకున్నానని ఏ నోటితో చెప్పను?"

ఇంగేలా ముందుకి వంగింది. "పిలిచానన్నారు. రాయి మీద వెతికారా?"

"లేదు."

"కాలే పెట్టలేదా?"

"పెట్టకూడదు," అన్నాడు రూనె, అది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "అలిగినవాళ్లు వాళ్లంతట వాళ్లే దిగి రావాలి. పడవలో ఉన్నవాళ్లు రాయెక్కకూడదు. మా రూలు. పైగా అక్కడ అల గట్టిగా కొడుతోంది..."

మాట మధ్యలో మింగేశాడు. ఇంగేలా అప్పటికే లేచి నిలబడింది. పదిహేను గంటలుగా హెలికాప్టర్, రెండు లాంచీలు, ఆరుగురు ఈతగాళ్లు ఈ రేవు చుట్టూ గాలిస్తున్నారు. ఆ రాయి మీద ఇంతవరకూ మనిషన్నవాడు కాలు పెట్టలేదు.

గుమ్మంలో ఆర్విద్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టే ఉంది.

"రాత్రి గంటసేపు పిలిస్తే పలకని మనిషి ఇప్పుడు పలుకుతుందా?" అన్నాడు. "ఉంటే గింటే శవం ఉంటుంది."

"హెలికాప్టర్‌ని పంపు."

"దక్షిణాన ఇంకో పడవ తిరగబడితే ఒక లాంచీతో పాటు అటు పోయింది. ఉన్న లాంచీ ఖైదీ కోసం."

"అయితే చిన్న బోటు తీసుకుంటా. ఇతన్నీ తీసుకెళ్తున్నా, రాయి చూపించడానికి."

"ఇతను తప్పించుకుంటే నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ. జూలైలో సెలవు దొరుకుతుంది," అంటూ అతన్ని తోసుకుని బయటికి నడిచింది.

చిన్న బోటులో ఉన్నవి మూడే లైఫ్ జాకెట్లు. బోటు నడిపే కానిస్టేబుల్ స్వాంతెకి ఒకటి, ఇంగేలాకి ఒకటి. మూడోది రూనెకి ఇస్తే తొడుక్కోకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

"వేసుకోండి!"

"వీవీకి ఒకటి కావాలిగా," అన్నాడు. ఇంగేలా రెండుసార్లు గద్దించింది. దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు తప్ప తొడుక్కోలేదు.

రెండూ యాభై ఐదుకి రాయి కనిపించింది. మూడు ఇళ్లంత వెడల్పు, తాటిచెట్టులో సగం ఎత్తు, నడుమ ఒక పెద్ద నెర్రె. గాలి అప్పుడే లేచింది. అలలు రాయి నడుం దాకా ఎక్కి నురగలు కక్కుతున్నాయి. సాయంత్రానికి ఈ రాయి మొత్తం నీళ్ల కిందకి పోతుంది.

స్వాంతె బోటుని దగ్గరగా తెచ్చి పట్టాడు. అల పైకి లేచిన క్షణం చూసుకుని ఇంగేలా దూకింది. ఐదేళ్లయినా కాళ్లు ఆ పని మరిచిపోలేదు. మోకాలు చీరుకుపోయింది, పైకి పాకింది. చదునుగా ఉన్నచోట ఒక జత బూట్లు కనిపించాయి, వాటి పక్కన ఖాళీ ఫ్లాస్కు. మనిషి లేదు. కిందకి చూస్తే బోటు రాయికి ఇరవై గజాల దూరం జరిగింది. రూనె లేచి నిలబడి ఆమెకేసే చూస్తున్నాడు. చెయ్యెత్తి 'ఆగండి' అన్నట్టు సైగ చేసి నెర్రెలోకి దిగింది.

నెర్రె అడుగున గాలి తగలని మూలలో, ఉన్ని చొక్కా తల మీదకి లాక్కుని ఒకావిడ ముడుచుకుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఒక కాలు ఉండకూడని తీరుగా మెలిక తిరిగి ఉంది. ఇంగేలా వంగి మెడ మీద వేళ్లు ఆనించింది. నాడి కొట్టుకుంటోంది. ఆవిడ కళ్లు తెరిచింది.

"వీవెకా! నేను పోలీసుని. భయం లేదు, వచ్చేశాం." ఇంగేలాకి తెలియకుండానే కళ్లలో నీళ్లు తిరిగాయి. "కాలు ఎలా విరిగింది?"

"రాత్రి... తను వెళ్లిపోతుంటే పరిగెత్తాను. జారిపడ్డాను. అరిచాను, వినబడలేదు తనకి."

"అంటే ఆయన పిలుస్తున్నప్పుడు మీరు ఇక్కడే ఉన్నారా?"

"ఇక్కడే. ఈ నెర్రెలోనే."

"గంటసేపు పిలిచారటగా! ఎందుకు పలకలేదు?"

వీవెకా నవ్వబోయింది. పెదాలు సహకరించలేదు.

"ఇరవై ఏడేళ్లలో నన్ను అలా పిలవలేదండీ. 'వీవీ, కాఫీ', 'వీవీ, తాడు పట్టుకో'. అంతే మా మాటలు. నిన్న ఏడుస్తూ పిలిచాడు. ఇంకొక్కసారి విందాం, ఇంకొక్కసారి విందాం అనుకుంటూ ఉండిపోయాను. రూలు గీలు పక్కన పెట్టి రాయెక్కి వస్తాడేమోనని కూడా..."

సిక్స్టెన్ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని ఇంగేలా ఎన్ని రాత్రులు తంటాలు పడిందో ఆమెకే తెలుసు. ఆ గొంతు ఒక్కసారి వినపడితే తనూ ఏ రాతి వెనకైనా సరే, ఊపిరి బిగబట్టి కూర్చునేది.

"వీవీ!"

బోటులోంచి రూనె కేక. గాలిని చీల్చుకుంటూ వచ్చింది. ఇంగేలా 'ఉంది' అని అరవబోయింది. మంచుగడ్డలాంటి వేళ్లు ఆమె మణికట్టుని పట్టుకున్నాయి.

"ఒక్కసారి," అంది వీవెకా. కళ్లు మూసుకుంది. "ఇంకొక్కసారి పిలవనివ్వండి."

పోలీసుగా ఇంగేలా ఆ మాట వినకూడదు. వింది. నోరు మూసుకుని నిలబడింది.

"వీవీ! వీవీ!"

వీవెకా మూసిన కళ్ల కింద నుంచి నీళ్లు కారాయి. ఇంగేలా మూడో పిలుపు కోసం చూసింది. అది రాలేదు. దాని బదులు స్వాంతె వెర్రికేక వినిపించింది.

"మేడమ్! దూకేశాడు! జాకెట్ లేకుండా దూకేశాడు, రాయి మీదకి వస్తానంటూ!"

వీవెకా కళ్లు తెరుచుకున్నాయి. మొహంలో ఉన్న కాస్త రంగూ పోయింది.

"రూనెకి ఈత రాదండీ," అంది.

ఇంగేలా నెర్రె లోంచి పైకి ఎగబాకుతూనే, అతనికి విసరడానికి తన జాకెట్ కట్లు విప్పింది. అంచుకి వచ్చి చూస్తే బోటుకీ రాయికీ నడుమ తెల్లటి తల ఒకటి పైకి లేచింది. రెండు చేతులు గాలిలో తడుముకున్నాయి. పెద్ద అల వచ్చింది. అల దాటాక తల లేదు.

వెనక, విరిగిన కాలు ఈడ్చుకుంటూ, మోచేతుల మీద పాక్కుంటూ వీవెకా పైకొచ్చింది. గుండెలు పగిలేలా నీళ్లకేసి పిలవడం మొదలుపెట్టింది.

"రూనే! రూనే!"

నీళ్ల వైపు నుంచి జవాబు రాలేదు.